సముద్రంలోకి వెళ్లేదాన్ని ఎవరు కొలవాలి?

(ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి స్మృతిలో ఈ సాయంత్రం ఇక్కడ చేరామో ఆ గురువుగారు తన పేరు ఏ సభకూ, ఏ బహుమతికీ పెట్టవద్దని కోరారు. ఆ కోరికను మన్నించి నిర్వాహకులు ఈ ఉపన్యాసానికి ఆయన పేరు పెట్టలేదు. నేనూ ఆ మర్యాదనే పాటిస్తాను. ఆయన ప్రయోగశాలలో చదువుకున్నవాళ్లకు ఒక నియమం గుర్తుండే ఉంటుంది. కొలతను రాసి, ఆ కొలత ఎంత అటూ ఇటూ కావచ్చునో పక్కన రాయకపోతే రికార్డు మీద ఆయన సంతకం పడేది కాదు. అంకె ఎవరు తీశారు, ఏ పరికరంతో తీశారు, ఎంతసేపు తీశారు అని అడిగేవారు. ఆ మూడు ప్రశ్నలనూ నేను ఈరోజు మన తీరం దగ్గరికి తీసుకువెళ్తున్నాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. అణు కేంద్రాల నుంచి సముద్రంలోకి వెళ్లే రేడియోధార్మిక పదార్థాన్ని కొలిచే పని, వదిలేవారి చేతుల్లోనే ఉండిపోకూడదు. ఆ కొలత కేంద్రం కట్టకముందే మొదలుకావాలి. అందులో విశ్వవిద్యాలయాలకు వాటా ఉంది. ఆంధ్ర తీరం విషయంలో ఆ వాటా తీసుకోవలసిన సమయం ఇదే.

సముద్రం కనిపించని దక్కన్ పీఠభూమి మీద కూర్చుని ఈ మాట ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, మౌలాలి పక్కన, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఏర్పడింది. మన దేశపు భారజల రియాక్టర్లకు ఇంధనం దశాబ్దాలుగా అక్కడి నుంచే వెళ్తోంది. యురేనియం బిళ్లలను జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో పేర్చి, చిన్న రియాక్టర్లకైతే పందొమ్మిది గొట్టాలను ఒక కట్టగా బిగిస్తారు. కట్ట పొడవు సుమారు అర మీటరు. ఆ రియాక్టర్లకు కావలసిన భారజలంలో కొంత మణుగూరులో, గోదావరికి దగ్గరగా, 1991లో మొదలైన కర్మాగారంలో తయారవుతుంది. ఈ ఇంధనం, భారజలం రెండూ తీరంలోని కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం లాంటి చోట కలిసి పనిచేస్తున్నప్పుడు భారజలంలోని డ్యుటీరియం ఒక న్యూట్రాన్‌ను పట్టుకుని ట్రిటియంగా మారుతుంది. అందులో చిన్న భాగం శుద్ధిచేసిన వ్యర్థజలాలతో కలిసి, కండెన్సర్లను చల్లబరిచి తిరిగి వెళ్లే నీటిలో పలచబడి, బంగాళాఖాతంలోకి చేరుతుంది. మౌలాలి, మణుగూరు, కల్పాక్కం ఒకే గొలుసులోని లంకెలు. ఆ గొలుసు మొదటి కొస మన ఇంటి పక్కన ఉన్నప్పుడు చివరి కొస గురించి అడిగే హక్కూ, అడగవలసిన బాధ్యతా మనకున్నాయి.

ఇక చరిత్రలోకి వెళ్తాను. ఇక్కడ కొంచెం నిదానంగా నడవాలి.

సూరి భగవంతంగారు ఈ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన 1952లోనే, ఇంగ్లండు వాయవ్య తీరంలోని విండ్‌స్కేల్‌లో వాడిన ఇంధనం నుంచి ప్లుటోనియం తీసే కర్మాగారం పని మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్నే సెల్లాఫీల్డ్ అంటున్నాం. అక్కడ పలచని వ్యర్థాలను ఒడ్డు నుంచి రెండు కిలోమీటర్లకు పైగా సముద్రంలోకి వేసిన గొట్టపు వరస ద్వారా ఐరిష్ సముద్రంలోకి వదిలారు. ఇందులో రహస్యమేమీ లేదు. 1958లో జెనీవాలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో బ్రిటిష్ అధికారి జాన్ డన్‌స్టర్, తొలి సంవత్సరాల్లో చెప్పుకోదగ్గ పరిమాణంలో రేడియోధార్మికతను వదలడం ఒక ఉద్దేశపూర్వకమైన శాస్త్రీయ ప్రయోగంలో భాగమని బహిరంగంగానే వివరించారు. నీటిలో, చేపలో, నాచులో కనిపించేంత వదిలితే గదా అది ఎటు పోతోందో తెలిసేది! ఆ వాదనలో తర్కం లేకపోలేదు. కానీ ఆ సముద్రంలో చేపలు పట్టుకుని బతికేవారిని, ఈ ప్రయోగానికి మీరు ఒప్పుకుంటారా అని ఎవరూ అడగలేదు.

అయితే ఆ కాలపు శాస్త్రజ్ఞులు ఒక గొప్ప పని చేశారు. దాని ఫలితాన్ని ప్రపంచమంతా ఈనాటికీ వాడుకుంటోంది. వదిలిన పదార్థం మనిషిని చేరే దారులు ఎన్నో ఉంటాయి. వాటిలో ఏ దారి గుండా, ఏ మనుషుల గుంపుకు, అన్నిటికన్నా ఎక్కువ చేరుతుందో ముందుగా కనుక్కోవాలి. ఆ గుంపుకు క్షేమమైతే మిగతావారికీ క్షేమమే. విండ్‌స్కేల్ దగ్గర వెదికితే ఆ గుంపు ఆ తీరంలో దొరకలేదు, వందల కిలోమీటర్ల అవతల దక్షిణ వేల్స్‌లో దొరికింది. పోర్ఫైరా అనే ఎర్రనాచును కంబర్లండ్ రాళ్ల మీద కోసి వేల్స్‌కు పంపేవారు. అక్కడివాళ్లు దాన్ని గంటల తరబడి ఉడికించి లేవర్‌బ్రెడ్ అనే వంటకం చేసుకునేవారు. ఆ నాచు సముద్రపు నీటి నుంచి రుథేనియం-106ను పట్టి పెట్టుకుంటుంది. కాబట్టి గొట్టం నుంచి ఎంత వదలవచ్చునన్న హద్దు, కొన్నేళ్లపాటు, ఆ గొట్టాన్ని ఎన్నడూ చూడని వేల్స్ కుటుంబాల భోజనం మీద ఆధారపడి నిర్ణయమైంది.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 1970ల మొదట్లో కంబర్లండ్ నాచు వ్యాపారం ఆగిపోయింది. దానితో ఆ దారి మూసుకుపోయింది. అదే దశాబ్దంలో నిలవ కొలనుల్లో వాడిన ఇంధనపు తొడుగులు తుప్పుపట్టి, సీజియం-137 విడుదల పెరుగుతూ పోయి, 1975లో ఏడాదికి 5,000 టెరాబెకరెల్‌లు దాటింది. ఇప్పుడు ప్రమాదపు దారి చేప. ఆ తర్వాత ప్లుటోనియం, అమెరీషియం లెక్కలోకి వచ్చాక నత్తగుల్లలు, పీతలు. 1985లో సీజియాన్ని పట్టే శుద్ధి కేంద్రం వచ్చింది. విడుదల బాగా తగ్గింది. 1994లో ప్లుటోనియాన్ని తగ్గించేందుకు మరొక కేంద్రం మొదలైంది. నిలవ ఉంచిన వ్యర్థాలు దాని గుండా వెళ్లేటప్పుడు అది పట్టలేని టెక్నీషియం-99 ఎక్కువగా బయటికి వచ్చి ఐరిష్ సముద్రపు లాబ్‌స్టర్‌లలో పేరుకుంది. దాని అర్ధాయువు రెండు లక్షల ఏళ్ల పైచిలుకు. నార్వే వారు తమ తీరంలో కూడా దాన్ని కొలిచి అభ్యంతరం చెప్పారు. ఒక పదార్థానికి వేసిన కట్టడి మరొక పదార్థానికి దారి ఇచ్చింది. మనుషుల తిండి మారుతుంది, కర్మాగారపు పని మారుతుంది, సముద్రపు బురద తన పని తాను చేస్తుంది. ఒకసారి సర్వే చేసి ఫైలు కట్టేసే పద్ధతికి ఇక్కడ చోటు లేదు.

1983 నవంబరు గురించి విడిగా చెప్పాలి. ఆ నెలలో సెల్లాఫీల్డ్ నుంచి, వదలకూడని ద్రావకం, పైన తేలే మడ్డి గొట్టంలోకి వెళ్లాయి. ఆ సమయంలోనే గ్రీన్‌పీస్ ఈతగాళ్లు గొట్టం కొస దగ్గర ఉన్నారు; వాళ్ల పడవ, దుస్తులు కలుషితమయ్యాయి. సంగతి అలా బయటికి వచ్చింది. సుమారు 40 కిలోమీటర్ల తీరానికి వెళ్లవద్దని ప్రభుత్వం నెలలపాటు ప్రజలకు చెప్పవలసి వచ్చింది. 1985లో కోర్టు సెల్లాఫీల్డ్‌ను నడిపే సంస్థను దోషిగా తేల్చి జరిమానా వేసింది. బయటివాడు ఒకడు నీళ్లలో ఉండడం వల్ల తెలిసిన సంగతి ఇది. అనేక ఏళ్ల తగాదాల తర్వాత బ్రిటన్‌లో స్థిరపడిన పద్ధతి ఇది: కర్మాగారం తన నమూనాలు తాను తీస్తుంది, నియంత్రణ సంస్థలు తమ నమూనాలు విడిగా తీయిస్తాయి, 1995 సంవత్సరం ఫలితాలతో మొదలుపెట్టి ఏటా ఒక సంపుటంగా అచ్చువేస్తున్నాయి. ఏ రేవు దగ్గర ఏ చేపలో ఎంత ఉందో ఎవరైనా చదువుకోవచ్చు.

ఫ్రాన్స్ మరొక దారి తొక్కింది. లా హేగ్ పునఃశుద్ధి కేంద్రం చుట్టూ పిల్లల్లో రక్తకాన్సర్ గురించి 1997లో ఒక అధ్యయనం అలజడి రేపింది. ప్రభుత్వం ఒక బృందాన్ని వేసింది. అందులో కర్మాగారం ప్రతినిధులను, ప్రభుత్వ నిపుణులను, చెర్నోబిల్ తర్వాత 1986లో నార్మండీ పౌరులు పెట్టుకున్న ఆక్రో అనే స్వతంత్ర ప్రయోగశాలవారిని, విదేశీ శాస్త్రజ్ఞులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. వాళ్లు అప్పటివరకూ పోగైన లక్షల కొలతలను కలిపి తిరగదోడారు. అన్ని విషయాల్లోనూ ఏకాభిప్రాయం రాలేదు. ఎక్కడ భేదించారో అది కూడా నివేదికలో రాశారు. నాకు ఆ నివేదికలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ భేదాభిప్రాయాల భాగమే.

జపాన్ సంగతి మీకు తాజాగా గుర్తుంది. 2023 ఆగస్టు 24న ఫుకుషిమాలో శుద్ధిచేసిన నీటిని పసిఫిక్‌లోకి వదలడం మొదలుపెట్టారు. లీటరుకు 1,500 బెకరెల్‌లకు మించకుండా, ఏడాదికి 22 టెరాబెకరెల్‌లకు మించకుండా ట్రిటియం హద్దు పెట్టుకున్నారు. తాగేనీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిక లీటరుకు 10,000 బెకరెల్‌లు. ఆ లెక్కన చూస్తే ఇది తక్కువే. అయినా చైనా జపాన్ సముద్రాహారాన్ని నిషేధించింది, ఫుకుషిమా జాలరులు బెంగపడ్డారు. ఎందుకంటే 2011 ప్రమాదం తర్వాత ఆ కేంద్రాన్ని నడిపే సంస్థ మాట మీద నమ్మకం పోయింది. ఆ లోటును పూడ్చడానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఇతర దేశాల ప్రయోగశాలలు అవే నమూనాలను పంచుకుని వేర్వేరుగా కొలుస్తున్నాయి. ఇవాకి పట్టణంలో 2011లోనే తల్లులు కూడి తరచినె అనే కొలత కేంద్రాన్ని పెట్టుకున్నారు. బియ్యం, చేప, సముద్రపు నీరు తామే కొలుచుకుంటున్నారు. ట్రిటియం కొలవడం తేలిక పని కాదు. దాని బీటా కణం చాలా బలహీనమైనది, గైగర్ కౌంటర్‌కు చిక్కదు. నీటిని స్వేదనం చేసి, రేడియేషన్ తగిలితే మెరిసే ద్రవంలో కలిపి, చీకటి గదిలాంటి యంత్రంలో పెట్టి లెక్కించాలి. ఆ తల్లులు అది నేర్చుకున్నారు.

మన దేశానికి వస్తాను. ఇక్కడ న్యాయంగా మాట్లాడటం నా బాధ్యత. తారాపూర్ 1969లో విద్యుత్తు మొదలుపెట్టకముందే, భాభా అణు పరిశోధనా కేంద్రంలో ఎ.కె. గంగూలీగారి నాయకత్వంలో సముద్రాన్ని చదివే ఒక తరం శాస్త్రజ్ఞులు తయారయ్యారు. ప్రతి అణువిద్యుత్ కేంద్రం దగ్గరా ఒక పర్యావరణ సర్వే ప్రయోగశాల పెట్టడం, కేంద్రం పనిచేయకముందే నీరు, మట్టి, చేప, పాలు కొలిచి ఉంచడం వాళ్లు నెలకొల్పిన సంప్రదాయం. ఆ ప్రయోగశాలల పని మంచి పని. ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ అన్న హద్దులో చిన్న వంతే మన కేంద్రాల వల్ల చేరుతోందని వారి నివేదికలు చూపుతాయి. వాటిని శంకించడానికి నా దగ్గర ఆధారం లేదు. అలాగే, వాటిని స్వతంత్రంగా ధ్రువపరచడానికి ఈ సభలో ఎవరి దగ్గరా ఆధారం లేదు. నా అభ్యంతరం అక్కడే ఉంది.

ఆ ప్రయోగశాల, ఆ రియాక్టర్‌ను నడిపే సంస్థ, రెండూ ఒకే అణుశక్తి విభాగం గొడుగు కింద పుట్టాయి. అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరు 15న ఏర్పడింది. సెల్లాఫీల్డ్ తీరం మూతపడిన నెల, కల్పాక్కం మొదటి రియాక్టర్ రాజుకున్న సంవత్సరం అది. ఆ మండలి కూడా ఏళ్లపాటు ఆ విభాగానికే సంబంధించిన అణుశక్తి కమిషన్‌కు జవాబు చెప్పుకుంటూ వచ్చింది. 1962 అణుశక్తి చట్టం 18వ సెక్షన్ సమాచార వెల్లడిని అడ్డుకునే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 2012లో కాగ్ నివేదిక, మండలికి చట్టబద్ధమైన స్వతంత్రత లేకపోవడాన్ని ఎత్తిచూపింది. దాన్ని సరిదిద్దడానికి అంతకుముందే 2011లో పెట్టిన బిల్లు 2014లో లోక్‌సభతో పాటే కాలం చేసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పాత చట్టాన్ని రద్దుచేసి, నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. అదే చేత్తో ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచింది. నడిపేవాళ్లు ఎక్కువయ్యే రోజుల్లో, విడిగా కొలిచేవాళ్లు కూడా ఎక్కువ కావాలి గదా!

పత్తి అమ్మే రైతుకు ఈ విషయం ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేదు. కొనేవాడి కాటా మీదే తన బస్తా తూగినప్పుడు, ఆ కాటా సరైనదే అయినా, రైతు మనసు కుదుటపడదు. అందుకే తూనికలు కొలతల శాఖ అని ఒకటి పెట్టుకున్నాం, కాటాకు ముద్ర వేయిస్తున్నాం. వ్యాపారి దొంగ అని ముందే తీర్మానించి ఎవరూ ఆ శాఖను పెట్టలేదు.

మన తెలుగు నేల మీదా ఈ లోటు అనుభవంలోకి వచ్చింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి కర్మాగారం, దాని వ్యర్థాల చెరువు, చుట్టుపక్కల బోరుబావుల నీటి గురించి గ్రామస్థులు మొరపెట్టుకున్నప్పుడు, ఇక్కడే తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో పనిచేసి రిటైరైన శాస్త్రజ్ఞులు కె. బాబూరావుగారు వాళ్ల తరఫున సాంకేతికమైన ప్రశ్నలు వేశారు. నల్లగొండ జిల్లాలో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు ఈ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విభాగం పరిశోధకులు అక్కడి ఇళ్లలో రేడాన్, థోరాన్ కొలిచారు. తవ్వకం జరగకముందు ఆ నేల ఎలా ఉందో చెప్పే రికార్డు అలా మిగిలింది. నేను సముద్రానికి కోరేది అదే రికార్డు.

ఏ సముద్రానికి? శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ దగ్గరి సముద్రానికి. అమెరికా రియాక్టర్లకు ఆ చోటును 2009లో ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. గుజరాత్‌లోని మీఠీవిర్దీలో పెట్టాలనుకున్న వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరింటిని, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లవి, 2016లో కొవ్వాడకు మార్చారు. మరుసటి ఏడాది మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, తర్వాత కోలుకుంది. ఇప్పటికీ అక్కడ రియాక్టర్ నిర్మాణం మొదలుకాలేదు. కట్టాలా వద్దా అన్న ప్రశ్న మీద నాకు అభిప్రాయం ఉంది, ఈ వేదిక మీద దాన్ని పక్కన పెడుతున్నాను. కట్టాలన్నవారికీ, వద్దన్నవారికీ, ఈ జాప్యం ఒక అవకాశం ఇచ్చింది. ఇంకా ఏమీ కలవని సముద్రాన్ని కొలిచే అవకాశం అది. పునాది పడ్డాక ఎంత ఖర్చుపెట్టినా అది తిరిగి రాదు.

ఏమీ కలవని అన్నాను. దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఏ సముద్రపు నీరైనా లీటరుకు సుమారు 12 బెకరెల్‌ల సహజ పొటాషియం-40ను మోస్తుంది. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు ఇసుకల్లో థోరియం ఉన్న మోనజైట్ ఉంది. దాన్ని మోసే నల్ల ఇసుక చారల దగ్గర పరికరం పెడితే అంకె దానంతటదే పెరుగుతుంది. 1950, 60లలో అగ్రరాజ్యాలు గాలిలో పేల్చిన బాంబుల సీజియం-137 ప్రపంచ సముద్రాల్లో ఘనమీటరుకు ఒకటి రెండు బెకరెల్‌లు ఈనాటికీ ఉంది. సముద్రాహారం తినేవారికి వచ్చే మోతాదులో పెద్ద వాటా ఏ కర్మాగారానిదీ కాదు, సహజ పొలోనియం-210ది. ఇవన్నీ ముందుగా చోటు చోటుకూ, రుతువు రుతువుకూ రాసిపెట్టకపోతే, రేపు అంకె పెరిగినప్పుడు ఒకరు రియాక్టర్ అంటారు, ఒకరు ఇసుక అంటారు. ఎవరి మాట నిజమో చెప్పగలిగిన వాడుండడు.

ఆ సీజియాన్ని కొలవడం ఎలాగో విద్యార్థుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. పడవ మీద నుంచి వంద లీటర్ల నీటిని క్యాన్లలో పట్టి, ఒడ్డుకు చేర్చి, వడగట్టి, ఆమ్లం కలుపుతారు. అమ్మోనియం మాలిబ్డోఫాస్ఫేట్ అనే పసుపుపచ్చని పొడి వేసి బాగా కలియబెడతారు. అది సీజియాన్ని పట్టుకుని అడుగుకు దిగుతుంది. రాత్రంతా పేరుకోనిచ్చి, పైనీరు తీసేసి, ఆ పసుపు ముద్దను ఆరబెట్టి చిన్న డబ్బాలో నింపుతారు. వంద లీటర్ల సముద్రం ఇప్పుడు అరచేతిలో ఉంది. దాన్ని మందపాటి సీసపు గోడల మధ్య, ద్రవ నత్రజనితో చల్లబరిచిన జర్మేనియం డిటెక్టర్ మీద పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ లెక్కిస్తారు. 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక చిన్న శిఖరం లేస్తే అది సీజియం. చేపనైతే ఎండబెట్టి, 450 డిగ్రీలు దాటకుండా కాల్చి బూడిద చేస్తారు. వేడి మీరితే సీజియం ఆవిరై పోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ప్రజల పక్షాన నిలబడేవాళ్లు తప్పక తెలుసుకోవలసినది. నివేదికల్లో తరచు బీడీఎల్ అని మూడక్షరాలు కనిపిస్తాయి. పరికరం గుర్తించగలిగిన స్థాయికి లోబడి ఉందని దాని అర్థం. లేదు అని కాదు. ఒక ప్రయోగశాల ఒక్క లీటరు నీటిని ఒక్క గంట లెక్కించి బీడీఎల్ అని రాయవచ్చు. మరొకటి వంద లీటర్ల నీటిని ఒక రోజంతా లెక్కించి అదే మూడక్షరాలు రాయవచ్చు. నీటి పరిమాణం వంద రెట్లు, సమయం ఇరవై నాలుగు రెట్లు. గుర్తించగలిగే స్థాయి సమయపు వర్గమూలం కొద్దీ తగ్గుతుంది గనుక, రెండో ప్రయోగశాల మొదటిదానికన్నా దాదాపు 500 రెట్లు సన్నగా చూసింది. ఇద్దరూ నిజమే రాశారు. చదివేవాడికి తేడా తెలియదు. గురువుగారు ఆ రికార్డు మీద సంతకం పెట్టి ఉండేవారు కాదు. ఎంత నీరు, ఎంతసేపు, గుర్తించగలిగే స్థాయి ఎంత అన్నవి పక్కనే లేని బీడీఎల్‌ను మనం అంగీకరించకూడదు.

కొవ్వాడలో కీలకమైన గుంపు ఎవరు? యూరప్ లెక్కలు ఎక్కువగా చేప కండను కొలిచి వేసినవి. ఉత్తరాంధ్ర తీరంలో నెత్తళ్లను ఇసుక మీద ఎండబెట్టి, పేగులూ ముల్లూ సహా వండుకుంటారు. పొలోనియం చేరేది పేగుల్లోనూ కాలేయంలోనూ. చేప తలకాయ పులుసు అక్కడ రుచి, తీసిపారేసేది కాదు. మరొకటి, శ్రీకాకుళం తీరపు మగవాళ్లలో చాలామంది ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వేరావల్ మరబోట్ల మీద ఉంటారు. ఏడాది పొడుగునా ఆ ఒడ్డునే ఉండి, ఆ ఒడ్డు చేపే తినేది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ మరబోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలల భోజనం వేరు, ఎండుచేప వాటా ఎక్కువ. ఈ సంగతులు తెలియకుండా వేసిన మోతాదు లెక్క, అంకెగా ఎంత కచ్చితంగా ఉన్నా, ఆ ఊరిది కాదు. పైగా అక్కడి జాలరులు పైడిభీమవరం మందుల కర్మాగారాల వ్యర్థజలాల గురించి ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నారు. వాళ్లకు గొట్టం అంటే ఏమిటో, హామీ అంటే ఏమిటో తెలుసు. ఇక రెండోసారి హామీ ఇచ్చేముందు అంకెలు చూపడం మంచిది.

సముద్రం కూడా ఒకే దిక్కుకు నడవదు. మన తూర్పు తీరం వెంట సాగే ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరంగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగా పోతుంది. వేసవిలో కల్పాక్కం వైపు నీరు నెల్లూరు, ప్రకాశం తీరాల వైపు వస్తుంది. దసరా వెళ్లాక కొవ్వాడ వైపు నీరు భీమిలి, విశాఖ, ఉప్పాడల వైపు దిగుతుంది. గోదావరి బురదలో ఉన్న బంకమన్ను సీజియాన్ని పట్టుకుని వదలదు. ఐరిష్ సముద్రపు బురద పొరల్లో విండ్‌స్కేల్ డెబ్బై ఏళ్ల విడుదలలు పేరుకుని ఉన్నాయి; ఈనాడు గొట్టం నుంచి వచ్చేదానికన్నా ఆ పాత బురద నుంచి తిరిగి కదిలే ప్లుటోనియమే అక్కడ లెక్కకు ఎక్కువగా వస్తోంది. మన బురద పొర ఇంకా శుభ్రంగా ఉంది. దాన్ని ఇప్పుడే గొట్టంతో తీసి పొరలుగా కోసి దాచుకోవాలి.

ఇదంతా చేయగలిగింది ఎవరు? ఈ హాలు నుంచి నడిచిపోగలిగిన దూరంలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చిన సంస్థ అది. ఇంటింటికీ తిరిగి ఎవరు ఏం తింటున్నారో తూచే విద్యలో 1972 నుంచి దేశానికే దారి చూపింది. కొవ్వాడ ఇళ్లలో ఎన్ని గ్రాముల నెత్తళ్లు ఉడుకుతున్నాయో చెప్పగలవారు వాళ్లే. పక్కనే 1961లో పుట్టిన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ ఉంది, ఇసుకలో థోరియం ఎంతో చెప్పగలదు. ప్రవాహాల లెక్క చెప్పే ఇన్‌కాయిస్ ఈ నగరంలోనే 1999లో మొదలై, చేపలు ఎక్కడ దొరుకుతాయో రోజూ జాలరులకు చెబుతోంది. రేడియేషన్ కొలిచే పరికరాలు తయారుచేసే ఈసీఐఎల్ నాలుగడుగుల దూరంలో ఉంది. లెక్క కట్టడం తెలిసిన పిల్లలు ఇక్కడి భౌతికశాస్త్ర విభాగంలో ఉన్నారు. సముద్రం పక్కనే వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. భగవంతంగారు ఇక్కడికి రాకముందు అక్కడే పాఠం చెప్పారు. రెండు రాష్ట్రాలుగా విడిపోయినంత మాత్రాన ఈ రెండు విశ్వవిద్యాలయాలు కలిసి పనిచేయకూడదన్న నియమం ఏదీ లేదు. అణుశక్తి విభాగపు ప్రయోగశాలలను దూరం పెట్టమని నేను అనను. ఒకే నమూనాను రెండుగా చేసి, ఒక సగం వాళ్లకు, ఒక సగం మనకు. రెండు అంకెలూ పక్కపక్కన అచ్చులో. కలవని చోట ఎందుకు కలవలేదో ఇద్దరూ కూర్చుని రాయాలి.

అందుకు నేను అడిగేది పెద్ద భవనం కాదు. ఒక నమూనాల గది. కళింగపట్నం, కొవ్వాడ, భీమిలి, విశాఖ, ఉప్పాడ తీరాల నుంచి తెచ్చిన ఇసుక, బురద పొరలు, చేపల బూడిద, నాచు అందులో సీలు వేసి ఉండాలి. ప్రతి సీసా మీద చోటు, తేదీ, లోతు, చేప తెలుగు పేరు, పట్టిన పడవవాడి సంతకమో వేలిముద్రో ఉండాలి. సగం కొలిచి, సగం ముట్టుకోకుండా ఉంచాలి. మనకన్నా మంచి పరికరాలున్న వాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత వచ్చి తిరిగి కొలవాలనుకుంటే వాళ్ల కోసం. ఫలితాల పట్టికను ఏటా తెలుగులో అచ్చువేసి, కొవ్వాడ పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి. అక్టోబరులో ప్రవాహం దక్షిణానికి మళ్లుతుంది. అంతకుముందే మొదటి విడత నమూనాలు తీయడానికి ఈ విభాగం నుంచి ఇద్దరు పరిశోధక విద్యార్థులను, ఒక డిటెక్టర్ మీద నెలకు పది రోజుల సమయాన్ని కేటాయించవలసిందిగా, ఈ వేదిక మీద ఉన్న విశ్వవిద్యాలయ అధికారులను సభాముఖంగా కోరుతున్నాను.